వంట ఒకటే, కంచాలు వేరు

(శ్రీకాకుళంలో ఒక గ్రంథాలయ సమావేశంలో పోషకాహార నిపుణురాలు ఒకరు చేసిన ప్రసంగం. చివర శ్రోతల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం.

ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చారు, కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను. ఆసుపత్రిలోనైనా, బస్సులోనైనా, పెళ్ళిళ్ళలోనైనా నా ఉద్యోగం ఏమిటో తెలియగానే జనం అడిగే ప్రశ్నలు ఇవీ. "మేడం, చోడి అంబలి, అదే రాగి అంబలి, మంచిదేనా?" "కొబ్బరి నీళ్ళు రోజూ తాగొచ్చా?" "రాత్రిపూట అన్నం మానేస్తే మంచిదంటున్నారు, నిజమేనా?" నేను వెంటనే జవాబు చెప్పను. "ఎవరికమ్మా?" అని అడుగుతాను. మీకా, మీ అత్తగారికా, పొలం పనికి వెళ్ళే మీ అబ్బాయికా, ఎదిగే పిల్లకా? వాళ్ళకు ఏ జబ్బుంది, ఏ మాత్రలు వాడుతున్నారు, రోజంతా ఏం పని చేస్తారు? ఇవి తెలియకుండా ఒక తిండి మంచిదనీ చెడ్డదనీ నేను చెప్పలేను. ఫోన్లో వీడియో చేసి పెట్టేవాళ్ళు కూడా చెప్పలేరు. వాళ్ళకు మీరెవరో తెలియదు కదా.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ప్రాంతం పక్కనే కూర్చుని మాట్లాడుకుంటున్నాం గనుక కొబ్బరి నీళ్ళతోనే మొదలుపెడతాను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు. చుట్టం వస్తే బొండం కొట్టి ఇస్తాం. మండుటెండలో జీడితోటలో పనిచేసి వచ్చిన మనిషికి అది చాలా మంచిది. చెమటలో పోయిన నీరు, లవణాలు కొంత తిరిగి వస్తాయి. అదే ఇంట్లో కిడ్నీ జబ్బున్న పెద్దాయన ఉన్నారనుకోండి. ఆయన రక్తంలో పొటాషియం 5.5 దాటింది, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువ. గ్లాసు కొబ్బరి నీళ్ళలో పొటాషియం అర గ్రాముకు దగ్గరగా ఉంటుంది. మంచి కిడ్నీ దాన్ని గంటల్లో బయటికి పంపేస్తుంది, ఆయన కిడ్నీ పంపలేదు. రక్తంలో పొటాషియం మరీ పెరిగితే గుండె కొట్టుకునే తీరే దెబ్బతింటుంది, ప్రాణం మీదికి వస్తుంది. బొండం ఒకటే, చెట్టు ఒకటే. ఒకరికి సేద తీర్చేది ఇంకొకరిని ఐసీయూలో చేరుస్తుంది.

అలాగని కిడ్నీ జబ్బున్న ప్రతి ఒక్కరూ పళ్ళు, కూరగాయలు మానేయాలని కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో ఎవరికో చెప్పిన పథ్యం విని మిగతావాళ్ళు కూడా మొదలుపెట్టేస్తారు. పొటాషియం మామూలుగా ఉన్నవాళ్ళు అనవసరంగా కూరలు మానేసి నీరసపడిపోతున్నారు. రక్తపరీక్ష చీటీలో అంకె చూశాకే ఏది తగ్గించాలో తేలుతుంది. తగ్గించమన్నప్పుడు కూడా దారి ఉంది. కూరగాయ ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేస్తే పొటాషియం కొంత పోతుంది. మామూలు వాళ్ళకు ఆ నీళ్ళు పారబొయ్యొద్దని చెబుతాను, వీళ్ళకు పారబొయ్యమంటాను.

ఇంకా చిత్రమైన సంగతి చెబుతాను. డయాలసిస్ మొదలుకాని కిడ్నీ రోగికి మాంసకృత్తులు కాస్త తగ్గించమంటాం. కిలో బరువుకు 0.6 నుంచి 0.8 గ్రాముల మధ్య ఉంచుతారు. అదే మనిషికి డయాలసిస్ మొదలయ్యాక ఆ సలహా తలకిందులవుతుంది. డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి, అందుకని కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా తినాలి. గుడ్డు తెల్లసొన, చేప, కోడి పెట్టమని మేమే చెబుతాం. కానీ ఇంట్లోవాళ్ళు పాత చీటీ పట్టుకునే ఉంటారు. "పప్పు వద్దన్నారు, గుడ్డు వద్దన్నారు" అని మంచి మనసుతోనే కడుపు మాడుస్తారు. డయాలసిస్‌కి వచ్చేవాళ్ళలో చేతులు పుల్లల్లా అయిపోయిన వాళ్ళను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. జబ్బుతో చిక్కడం వేరు, పథ్యంతో చిక్కడం వేరు. మీ ఇళ్ళల్లో డయాలసిస్ చేయించుకుంటున్న వాళ్ళుంటే ఈసారి వెళ్ళినప్పుడు "మాంసకృత్తులు ఎంత తినాలి, నీళ్ళు ఎంత తాగాలి, పొటాషియం ఎంతుంది" అని మూడు ప్రశ్నలూ అడగండి. మొహమాటపడకండి.

ఇప్పుడు చోళ్ళ సంగతి. చిరుధాన్యాలు మళ్ళీ మన వంటింట్లోకి రావడం నాకు సంతోషమే. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యంలో అది నామమాత్రం. పీచు కూడా ఎక్కువే. ఎముకలు ఎదిగే పిల్లలకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు చోడి పిండి మంచి తిండి. అయితే షుగర్ ఉన్నవాళ్ళు "చోళ్ళు కదా, ఎంతైనా తాగొచ్చు" అని పెద్ద గ్లాసుడు అంబలి తాగి వస్తారు. 100 గ్రాముల చోళ్ళలోనూ పిండిపదార్థం 70 గ్రాములకు దగ్గరగానే ఉంటుంది, బియ్యంలో 78. తేడా ఉంది గాని, మీరు అనుకున్నంత లేదు. పైగా మెత్తగా పట్టించిన పిండిని పలచగా జావ కాస్తే అది గబగబా అరిగిపోతుంది, షుగర్ గబగబా పెరుగుతుంది. అదే పిండితో కాస్త గట్టిగా సంగటి చేసి, ఆకుకూరతోనో చేపల పులుసుతోనో తింటే అంత వేగంగా పెరగదు. కాబట్టి ధాన్యం పేరు ఒక్కటే చూస్తే చాలదు. ఎలా వండారు, ఎంత తిన్నారు, పక్కన ఏం ఉంది అన్నవి కూడా చూడాలి.

పక్కన ఏం ఉంది అన్న మాటకు మన తెలుగు నేల మీదే పెద్ద పాఠం ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు చాలామంది వినే ఉంటారు. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దక్కన్ ప్రాంతంలో జొన్నలే ప్రధానంగా తినే పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి చలించేది. నియాసిన్ అనే విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బు అది. జొన్నల్లోని మాంసకృత్తుల్లో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం కావచ్చని 1960లో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంటియా ప్రతిపాదించారు. ఆ వివరణ మీద తర్వాత చాలా చర్చ జరిగింది. నేను చెప్పదలచుకున్నది మాత్రం అందరూ ఒప్పుకునే విషయం: జొన్నరొట్టె పక్కన పప్పు, పాలు, మాంసం ఉన్న ఇళ్ళల్లో ఆ జబ్బు రాలేదు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ, ఉప్పుతో సరిపెట్టుకున్న వాళ్ళకు వచ్చింది. ఈ రోజు మనం ఆరోగ్యం కోసం వెతుక్కుని కొనుక్కునే జొన్న, పక్కన ఇంకేమీ లేనివాళ్ళకు జబ్బు తెచ్చింది. చిరుధాన్యాల గురించి గొప్పగా మాట్లాడేటప్పుడు ఆ కూలీలను మరచిపోకూడదని నా అభిప్రాయం.

మనిషికీ మనిషికీ తేడా ఎంత ఉంటుందో శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎరన్ సెగల్, ఎరన్ ఎలినావ్ బృందం 800 మందికి వారం రోజులపాటు షుగర్ కొలిచే సెన్సర్లు పెట్టి, వాళ్ళు తిన్నదంతా రాయించారు. 2015లో ఆ ఫలితాలు బయటికి వచ్చాయి. ఒకే తిండికి ఒక్కొక్కరి షుగర్ ఒక్కోలా పెరిగింది. ఒకరికి అరటిపండు తింటే బాగా పెరిగి, బిస్కట్ తింటే పెద్దగా పెరగలేదు. ఇంకొకరికి సరిగ్గా దానికి తిరగబడి జరిగింది. దీన్ని చూసి బిస్కట్లు తినొచ్చని అర్థం చేసుకోవద్దు. మీ పక్కింటివాళ్ళకు సరిపడినది మీకు సరిపడకపోవచ్చని మాత్రం అర్థం చేసుకోండి.

దీన్ని అడ్డం పెట్టుకుని ఇప్పుడు కొందరు ఉమ్మి పరీక్ష చేసి, జన్యువులు చూసి, మీ ఒక్కరికే సరిపోయే డైట్ రాసిస్తామని వేలకు వేలు తీసుకుంటున్నారు. ఆ డబ్బు పెట్టే ముందు ఒక సంగతి వినండి. అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించిన తిండి, ఇంకో జట్టుకు పిండిపదార్థం తగ్గించిన తిండి ఏడాదిపాటు తినమని చెప్పి చూసింది. 2018లో ప్రచురించారు. సగటున ఒక జట్టు 5.3 కిలోలు, ఇంకో జట్టు 6 కిలోలు తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరి జన్యువులకు ఏ తిండి నప్పుతుందో ముందే చెప్పగలమా అని చూస్తే, వాళ్ళు పరీక్షించిన జన్యువుల వల్ల ఏమీ తేలలేదు. కానీ ఒక్కో జట్టులోనే కొందరు పాతిక కిలోలు దాటి తగ్గారు, కొందరు పెరిగారు. అంటే తేడా మనుషుల్లో ఉంది గాని, దాన్ని ఉమ్మిలో చూసి చెప్పే విద్య ఇంకా మన చేతికి రాలేదు.

మరి ఎలా తెలుసుకోవాలి? షుగర్ ఉన్నవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో గ్లూకోమీటర్ ఉంటుంది, అల్మరాలో పడి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. ఉదయం టిఫిన్ తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలకు ఇంకోసారి చూడండి. ఆ రోజు మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ తిన్నారు. పక్క వారం అదే రోజు, అదే వేళకు, రెండు ఇడ్లీలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, సాంబారు గట్టిగా వేసుకుని తిని చూడండి. ఇంకో రోజు పెసరట్టు, ఇంకో రోజు ఉప్మా. తిన్నదీ, రెండు అంకెలూ ఒక పాత నోటుబుక్కులో రాసుకోండి. రోజూ గుచ్చుకోనక్కర్లేదు, వారానికి రెండు మూడుసార్లు చాలు. రెండు నెలల్లో మీ ఒంటికి ఏ టిఫిన్ పడుతుందో ఏది పడదో మీ చేతిరాతలోనే ఉంటుంది. ఆ పుస్తకం పట్టుకొచ్చిన వాళ్ళకు నేను సలహా చెప్పడం ఎంతో తేలిక.

ఇక్కడ ఆడవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. "మీరు చెప్పేది బానే ఉందమ్మా, ఇంట్లో ఆరుగురికి ఆరు వంటలు ఎవరు చేస్తారు?" అని మీ మొహాల్లోనే కనిపిస్తోంది. ఎవరూ చెయ్యక్కర్లేదు. వంట ఒకటే చెయ్యండి, వడ్డన మార్చండి. ఒక ఇల్లు అనుకుందాం. మధ్యాహ్నం అన్నం, తోటకూర పప్పు, బెండకాయ కూర, చేపల పులుసు, మజ్జిగ. మన జిల్లాలో మామూలు భోజనమే.

ఇంటి పెద్ద, తాతగారు. షుగర్, బీపీ. ఆయన కంచంలో ముందు బెండకాయ కూర, చేప ముక్క పెట్టండి. అవి సగం తిన్నాక అన్నం వడ్డించండి. కూర, మాంసకృత్తులు ముందు తిని అన్నం తర్వాత తింటే షుగర్ పెరిగే వేగం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అన్నం గరిటెతో కాకుండా ఒక చిన్న గిన్నెతో కొలిచి పెట్టండి, రోజూ అదే గిన్నె. తిన్నాక మంచం ఎక్కకుండా వీధి చివరిదాకా నడిచి రమ్మనండి. ఆయన కంచంలో ఆవకాయ, అప్పడం, వడియాలు, ఎండు చేప ఉండకూడదు. రోజంతటికీ మనిషికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలి, అంటే ఒక్క చిన్న చెంచా. కూరల్లో, పులుసులో, మజ్జిగలో పడేదంతా అందులోకే వస్తుంది. ఉప్పు తగ్గించడమంటే ఇప్పుడు కొందరు "లో సోడియం ఉప్పు" కొనుక్కొస్తున్నారు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. తాతగారికి కిడ్నీ బాగుంటే సరే. కిడ్నీ జబ్బు ఉన్నా, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడుతున్నా అది ప్రమాదం, డాక్టర్ని అడగకుండా వాడకండి. ఉద్దానంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

కొడుకు తాపీమేస్త్రీ. పొద్దున్నే వెళ్ళి సాయంత్రందాకా ఇటుకలు మోసి, గోడలు కట్టే మనిషికి తాతగారి గిన్నెతో కొలిచిన అన్నం పెడితే మూడు గంటలకు కళ్ళు తిరుగుతాయి. ఆయనకు అన్నం కావాలి, పప్పు ఎక్కువ కావాలి, చేప ముక్కలు రెండు కావాలి. "అన్నం విషం" అని ఆయన చెవిలో ఊదేవాళ్ళను నమ్మకండి. ఆ అన్నమే ఆయన పని.

ఇక కోడలు. ఈమె దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మా ఓపీలో ఎక్కువగా కనిపించేదీ, ఇంట్లో ఎవరూ పట్టించుకోనిదీ ఈమెనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ హాల్లో పక్కపక్కన కూర్చున్న పదిమంది ఆడవాళ్ళలో ఆరుగురికి ఉన్నట్టు లెక్క. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలైతే ఆడవాళ్ళకు 29 కావాలి. ఎక్కువ కావలసిన మనిషి ఆఖర్న తింటుంది. చేపల పులుసులో అందరూ ముక్కలు తినేశాక అడుగున మిగిలిన పులుసు, గిన్నె గోడలకు అంటుకున్న పప్పు, చల్లారిపోయిన అన్నం ఆమె వాటా. ఆమె ఆఖర్న తింటే ఎలాగో చూడండి: గిన్నె వంచి, గరిటెతో అడుగు గీకి, "ఇంత చాలులే" అని లేచిపోతుంది. ఆ "చాలులే" వెనక ఏళ్ళ తరబడి నీరసం, ఆయాసం, నెలసరి సమయంలో మంచం దిగలేకపోవడం ఉంటుంది. ఆమెకు ప్రత్యేకంగా ఏ వంటా అక్కర్లేదు. వడ్డన మొదలుపెట్టే ముందే ఆమె కంచంలో ఆమె చేప ముక్క, ఆమె పప్పు తీసి మూత పెట్టండి. ఇది అత్తగారు చేస్తే ఇంకా మంచిది, ఆ ఇంట్లో ఎవరూ కాదనరు.

పప్పులో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే దాని మీద నిమ్మచెక్క పిండండి, లేదా ఉసిరి పచ్చడి కాస్త, జామపండు ఒకటి. విటమిన్ సి ఉంటే ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు దానికి అడ్డం. గంటైనా ఆగి తాగండి. ఇనుము మాత్ర ఇస్తే పాలతో, టీతో వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి పెట్టుకోండి. మలం నల్లగా వస్తే భయపడి ఆపేయకండి, అది మామూలే. మాత్ర మింగాక వికారం ఉంటే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, తిన్న తర్వాత వేసుకోమంటారు లేదా మందు మారుస్తారు. చెప్పకుండా బియ్యం డబ్బా వెనక దాచేసి "వేసుకుంటున్నానండీ" అంటే మాకు తెలియదు.

బాలింత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బిడ్డను కన్న తల్లికి మన ఇళ్ళల్లో నీళ్ళు తగ్గించడం, ఆకుకూరలు, పళ్ళు మానిపించడం, వెల్లుల్లి కారం, అన్నంతో వారాలకు వారాలు గడిపించడం ఇంకా ఉంది. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, ఆ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు మామూలు కంటే 600 కేలరీలు ఎక్కువ కావాలి, మాంసకృత్తులు 17 గ్రాములు ఎక్కువ కావాలి. నీళ్ళు కావాలి. తల్లి ఒంట్లోని కాల్షియమే బిడ్డ పాలలోకి పోతుంది. వెల్లుల్లి కారం పెట్టండి, వద్దనను. దాని పక్కన గుడ్డు, పప్పు, మునగాకు, పాలు, ఒక పండు కూడా పెట్టండి. దాహం వేస్తే నీళ్ళు ఇవ్వండి.

పదమూడేళ్ళ ఆడపిల్ల ఉంది ఆ ఇంట్లో. ఎదుగుతోంది, నెలసరి మొదలైంది, సన్నబడాలని పొద్దున టిఫిన్ మానేస్తోంది. ఆ పిల్లను తిట్టకండి. తాతగారి కోసం ఉడకబెట్టిన గుడ్డుతో పాటు ఇంకొకటి ఉడకబెట్టి చేతిలో పెట్టండి. గుప్పెడు వేరుశెనగలు, బెల్లం ముక్క బడి సంచిలో వెయ్యండి. ఆ బెల్లం ముక్క తాతగారికి మాత్రం వద్దు. పంచదార కన్నా బెల్లం షుగర్ రోగికి మంచిదన్న మాట నిజం కాదు, రెండూ ఒకేలా పెంచుతాయి.

ముసలివాళ్ళ గురించి ఒక మాట. డెబ్భై దాటిన అమ్మకు షుగర్ ఉందని రెండు పుల్కాలు, నీళ్ళ పప్పు, చేదు కాకరకాయ రసం మీద నడిపించే పిల్లలు చాలామంది ఉన్నారు. విదేశాల నుంచి వీడియో కాల్‌లో "అమ్మా, అన్నం తిన్నావా, తినకు" అని కాపలా కాస్తారు. షుగర్ అంకె బాగుంటుంది. ఆరు నెలల్లో అమ్మ ఐదు కిలోలు తగ్గిపోతుంది, కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తుంది, ఒకరోజు బాత్రూంలో పడి తుంటి విరుగుతుంది. ఆ వయసులో కండ పోతే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. మన దేశంలో పెద్దవాళ్ళకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ముసలితనంలో అంతకంటే తగ్గకూడదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, మనిషికి వచ్చే గరిటెడు పలచని పప్పులో 5 గ్రాములు. లెక్క వేసుకుంటే నీళ్ళ పప్పు ఎక్కడికీ చాలదు. పళ్ళు లేవు కాబట్టి గట్టిగా నమలలేదు. మెత్తగా ఉడికిన గుడ్డు, ముళ్ళు తీసిన చేప, గట్టి పెరుగు, పెసరపప్పు కట్టు కాకుండా ముద్దపప్పు పెట్టండి. దాహం తెలియదు ఆ వయసులో, అడగకుండానే నీళ్ళు ఇవ్వండి. ఆమెకు షుగర్ అంకె ఎంతవరకు ఉండొచ్చో డాక్టర్‌ని విడిగా అడగండి, నలభై ఏళ్ళ కొడుక్కి పెట్టిన గీత అమ్మకు పెట్టరు.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే కాఫీ తాగాలి. కాల్షియం, ఇనుము మాత్రలకు దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గుండె కవాటం మార్చినవాళ్ళు రక్తం పలచబడే మాత్ర వాడుతుంటే, అది వార్ఫరిన్ లాంటిదైతే, ఆకుకూరలు పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం అసలు తినకుండా, ఇంకో వారం రోజూ తినడం మాత్రం చెయ్యొద్దు. ఇన్నాళ్ళూ ఎంత తింటున్నారో అంతే తినండి, మార్చాలనుకుంటే డాక్టర్‌కి చెప్పి మార్చండి.

ఇక మీరు అడగండి.

(శ్రోతల్లో ఒక యువకుడు: మేడం, జిమ్‌లో ప్రోటీన్ పౌడర్ తప్పనిసరి అంటున్నారు. నేను పౌడర్ తాగాలా?)

బాబూ, నీ బరువెంత? అరవై ఐదా. రోజూ బరువులెత్తుతున్నావు గనుక నీకు మామూలు మనిషి కంటే ఎక్కువ కావాలి, ఒప్పుకుంటాను. కానీ ముందు నువ్వు తింటున్నదెంతో లెక్క వెయ్యి. పొద్దున్న రెండు గుడ్లు, మధ్యాహ్నం పప్పు, చేప, సాయంత్రం గుప్పెడు పల్లీలో ఉడికించిన శెనగలో, రాత్రి పెరుగు, పాలు. ఇది తింటే చాలామందికి పౌడర్ అవసరం పడదు. ఇంకొకటి. నువ్వు ఉద్దానం వైపు వాడివైతే, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే, పౌడర్ డబ్బా కొనే ముందు కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకో. పరీక్షకు అయ్యే ఖర్చు డబ్బా ఖరీదులో చాలా చిన్న భాగం. ఆ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇంకా పూర్తిగా తేలలేదు, మొదట్లో ఏ బాధా తెలియదు కూడా. అందుకే అడుగుతున్నాను.

(ఒక గృహిణి: నేను లావుగా లేను, బరువు అరవై లోపే. అయినా షుగర్ వచ్చిందన్నారు. నేనేం తగ్గాలండీ?)

మంచి ప్రశ్న అమ్మా. మన భారతీయుల ఒంటి తీరే అంత. చూడటానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల కొవ్వు పేరుకుంటుంది. అందుకే మనకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 23 దాటగానే అధిక బరువు అంటారు, తెల్లవాళ్ళకు 25. మీరు కాటా ఒక్కటే చూడకండి, టైలరు టేపు తీసుకుని నడుము కొలవండి. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటకూడదు. దాటితే అన్నం కాస్త తగ్గించి, కూర పెంచి, కండ పెరిగే పని చెయ్యండి. దాటకపోతే, బరువు తగ్గించుకోవడం మీ పని కాదు. మీరు కడుపు మాడ్చుకుంటే ఉన్న కండ కూడా పోతుంది. మీకు కావలసింది అన్నం ఒకేసారి కాకుండా పూటపూటకూ సర్దుకోవడం, ప్రతి పూటా గుడ్డో పప్పో చేపో ఉండేలా చూసుకోవడం. నడుము కొలిచి, ఆ అంకె రాసుకుని మా ఓపీకి రండి.

(ఒక పెద్దాయన: కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటానమ్మా, నలభై ఏళ్ళ అలవాటు. షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను. మానమంటారా?)

మానమని నేను చెప్పను తాతగారూ. మీరు వాడే మాత్ర ఏమిటో ముందు చూడాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే అయితే షుగర్ మరీ పడిపోయే భయం తక్కువ. గ్లిమెపిరైడ్ లాంటివి గాని, ఇన్సులిన్ గాని వాడుతుంటే, పొద్దున మాత్ర వేసుకుని చుక్కలు కనబడేదాకా ఏమీ తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. రంజాన్‌లో రోజా ఉండే మన ముస్లిం సోదరులకూ ఇదే మాట చెబుతాం. కార్తీకం రావడానికి రెండు మూడు వారాల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళి, సోమవారం నాడు మాత్ర ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి అని రాయించుకోండి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి. ఉపవాసం నాడు మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ చూసుకోండి, వేలు గుచ్చుకుంటే ఉపవాసం చెడదు. నీళ్ళు తాగండి. చెమటలు పట్టినా, చేతులు వణికినా, అంకె 70 కంటే తగ్గినా వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగాలి, పావుగంటాగి మళ్ళీ చూసుకోవాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ తాగాలి. ఆ రోజుకి ఉపవాసం అక్కడితో ఆపెయ్యాలి. గుడికి వెళ్ళేటప్పుడు జేబులో పంచదార పొట్లం పెట్టుకోండి, మీతో వచ్చే మనవడికి ఈ సంగతంతా చెప్పి తీసుకెళ్ళండి. రాత్రి ఉపవాసం విడిచేటప్పుడు పులిహోర, చక్రపొంగలి, పళ్ళు ఒక్కసారే కాకుండా, ముందు కాస్త పప్పు, కూర తిని, తర్వాత అన్నం తినండి. మీ మాత్రల చీటీ ఇప్పుడు దగ్గరుందా? ఉంటే సభ అయ్యాక ఇటు రండి, చూద్దాం.